మన కాళ్ళ క్రింది భూమి

అమరకోశం భూమికి చెప్పిన పేర్లలో 'అచల', 'స్థిర' అనేవి రెండు. కదలనిది, నిలకడ గలది అని వాటి అర్థం. తలవని తలంపుగా ఆపద వచ్చిపడితే "కాళ్ళ క్రింద భూమి కదలిపోయింది" అంటాము. ఉర్దూలో "పైరోఁ తలే సే జమీన్ నికల్ గయీ" అంటారు. భూమి కదలదనే నమ్మకం మీదనే ఈ పలుకుబడులు రెండూ నిలిచి ఉన్నాయి. కాని ఆ భూమి నిజంగానే కదులుతున్నదని భూవిజ్ఞానం చెబుతున్నది. ఇది సూర్యుని చుట్టూ తిరిగే చలనం కాదు. ఖండాలకు ఖండాలే చోటు మారే చలనం.

జర్మనీ దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో, ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి తరువాత విడిపోయాయని ప్రతిపాదించాడు. అంతటి భూభాగాలను కదిలించే శక్తి ఏదో ఆయన తృప్తికరంగా చెప్పలేకపోవడంతో పండితులు చాలామంది ఆ వాదాన్ని త్రోసిపుచ్చారు. 1930లో గ్రీన్‌లాండు మంచులో ఆయన మరణించాడు. 1960 తరువాత జరిగిన సముద్రగర్భ పరిశోధనలే ఆయన ఊహకు బలమిచ్చాయి. మహాసముద్రాల నడుమ మునిగి ఉన్న పర్వతశ్రేణుల వద్ద క్రొత్త నేల పుట్టి, ఇరువైపులకు జరుగుతున్నదని తేలింది.

భూమి పైపొర ఏకఖండం కాదు. సగటున సుమారు 100 కిలోమీటర్ల మందం గల కొన్ని పలకలుగా అది విడివడి ఉన్నది. పలక అనగానే మనకు బడిపలక స్ఫురిస్తుంది. ఇవి ఖండాలను, సముద్రాలను మోసే పలకలు. వీటి క్రింద ఉన్న భూప్రావారం ఘనపదార్థమే ఐనప్పటికీ, తీవ్రమైన వేడిమి వల్ల లక్షల సంవత్సరాల కాలంలో మైనంవలె మెల్లగా సాగుతుంది. పలకలు కొన్నిచోట్ల విడిపోతూ, కొన్నిచోట్ల ఒరుసుకొంటూ, కొన్నిచోట్ల ఢీకొంటూ ఉంటాయి. చల్లబడి బరువెక్కిన అంచు మరొక పలక క్రిందికి దిగిపోతూ తన వెనుక భాగాన్ని లాగుకొనిపోవడం ఈ చలనానికి ముఖ్యకారణం.

ఈ కథలో మన దేశానిది పెద్ద పాత్ర. భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే మహాఖండం. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'గోండ్వానా', గోండుల దేశాన్ని బట్టి వచ్చినది. మన ఆదిలాబాదు గోండుల జాతినామం ప్రపంచంలోని భూవిజ్ఞాన గ్రంథాలన్నింటిలో నిలిచిపోయిందన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో! సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా అడవులదే. ఆ కాలపు 'గ్లోసోప్టెరిస్' అనే మొక్క ఆకుల ముద్రలు గోదావరి లోయ రాళ్ళలోనూ, అంటార్కిటికా రాళ్ళలోనూ దొరికాయి.

ఆ మహాఖండం నుండి విడివడిన మన పలక ఉత్తరానికి సాగింది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి ఎగదన్నిన లావా దక్కనును పొరలు పొరలుగా కప్పివేసింది. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరాయి ఆ లావాయే. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తి, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఈ పలక ఆసియాను ఢీకొన్నది. నడుమనున్న సముద్రపు అడుగు ముడతలుపడి హిమాలయమై లేచింది. ఎవరెస్టు శిఖరపు సున్నపురాతిలో సముద్రజీవుల అవశేషాలు ఉండటానికి కారణమిదే.

ఆ త్రోపుడు ఇప్పటికీ ఆగలేదు. హైదరాబాదు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతున్నది. ఈ లెక్కన 1591లో కట్టిన చార్మినారు నేటికి 20 మీటర్లకు పైగా ప్రయాణం చేసింది! చుట్టుప్రక్కల ఉన్నదంతా వెంట కదలడం వల్ల మనకది తెలియదు.

భూకంపాలు హిమాలయ ప్రాంతానివేనని, దక్కను పీఠభూమికి వాటి భయం లేదని మనవారిలో ఒక ధీమా ఉన్నది. మా దృష్టిలో అది ప్రమాదకరమైన ధీమా. ఉత్తరపు అంచున పడే ఒత్తిడి పలక అంతటికీ ప్రాకుతుంది. లోపల పాత పగుళ్ళు ఎక్కడ ఉంటే అక్కడ అప్పుడప్పుడు బయటపడుతుంది. గోదావరి లోయ అటువంటి పాత పగులే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతం కంపించాయి.

పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన మరాఠ్వాడాలో, కిల్లారి వద్ద 1993 సెప్టెంబరు 30న వేకువజామున వచ్చిన కంపం తీవ్రత 6కు కొంచెమే పైన. అయినను దాదాపు 10 వేలమంది నిద్రలోనే సమాధి అయ్యారు. నాటి భూకంప పటంలో ఆ ప్రాంతం అత్యల్ప ప్రమాద మండలంలో ఉండేది. అక్కడి ఇండ్లు బండరాళ్ళను మట్టితో పేర్చిన లావుపాటి గోడలవి. పైన మందపాటి మట్టిమిద్దె. గోడలను ఒకదానితో ఒకటి బిగించి ఉంచేది ఏదీ లేదు. నేల ఊగగానే గోడలు విచ్చుకొన్నాయి, మిద్దె మీద పడింది. పునాదిపైన, ద్వారబంధాల ఎత్తున, కప్పు క్రింద గోడలన్నింటినీ చుట్టివచ్చే ఇనుపకడ్డీల కాంక్రీటు పట్టీ ఉంటే ఇల్లంతా ఒక పెట్టెవలె కలిసి ఊగుతుంది, బీటలు వారినా కూలి మీదపడే ప్రమాదం చాలా తగ్గుతుంది. మన పల్లెలలో నేటికీ మట్టితో పేర్చిన రాతిగోడల ఇండ్లు కనబడుతూనే ఉన్నాయి.