మీకు తెలుసా? గురుడి రేడియో మన మేడ మీద కూడా వినిపిస్తుంది

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో మేడెక్కి చూస్తే గురుగ్రహం ఒక మెరిసే చుక్క, అంతే. కానీ అక్కడి నుంచి రేడియో అలలూ వస్తుంటాయి. అమెరికాలో బర్క్, ఫ్రాంక్లిన్ వీటిని 1955లో అనుకోకుండా పట్టుకున్నారు.

ఇందులో పెద్ద హస్తం గురుడి ఉపగ్రహం అయోది. దాని అగ్నిపర్వతాలు వెదజల్లిన గంధకం, ఆక్సిజన్ సెకనుకు దాదాపు ఒక టన్ను చొప్పున అంతరిక్షంలోకి చేరి, ఎలక్ట్రాన్లు ఊడి ప్లాస్మాగా మారతాయి. గురుడికి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పది గంటలు కూడా పట్టదు. ఆ తిరుగుడుతో అయస్కాంత క్షేత్రం ప్లాస్మానూ లాక్కుపోతుంది. అయో సెకనుకు 17 కిలోమీటర్లు నడుస్తుంటే, ప్లాస్మా 74 కిలోమీటర్ల వేగంతో వెనక నుంచి వచ్చి గుద్దుతుంది! ఆ తాకిడికి పుట్టిన విద్యుత్తు గురుడి ధ్రువాల దాకా పారి, అక్కడ రేడియో అలలు రేపుతుంది.

అవి 40 మెగాహెర్ట్జ్ లోపే ఉంటాయి. హిందూపురం దాటగానే వచ్చే గౌరిబిదనూరు రేడియో టెలిస్కోపు కూడా ఈ పరిధిలోనే 34.5 మెగాహెర్ట్జ్‌కు కట్టినది. ఇంట్లో వినాలంటే 20 మెగాహెర్ట్జ్ అందుకునే మంచి షార్ట్‌వేవ్ రిసీవరు, ఏడు మీటర్ల తీగతో కట్టిన యాంటెన్నా కావాలి. గురుడు రాత్రి ఆకాశంలో ఎత్తుగా ఉన్నప్పుడు ప్రయత్నించండి. చిన్న పేలుళ్లు పడితే జొన్న పేలాలు వేగుతున్నట్టే ఉంటుంది.