గాల్లో ఉన్న చక్రమే ఎందుకు తిరుగుతుంది?

1985లో వచ్చిన మారుతీ జిప్సీని కొండదారుల్లో నడపాలనుకునేవాళ్లు ముందు కమాన్ కట్టలు మారుస్తారు. పాతవి బాగా బిరుసు. గుంట ఎదురైతే చక్రం కిందికి సాగదు, గాల్లో ఉండిపోతుంది.

అసలు చిక్కు అప్పుడే! ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే పంచుతుంది. గాల్లోని చక్రం తిరగడానికి కొంచెం బలం చాలు. కాబట్టి నేలమీది చక్రానికీ అంతే దక్కుతుంది. బండి కదలదు.

మెత్తటి కట్టలు చక్రాన్ని నేలకు దించుతాయి. అయినా లేస్తే? డిఫరెన్షియల్ లాక్ రెండు చక్రాల్నీ ఒకటిగా బిగిస్తుంది. పట్టున్న చక్రం బండిని లాగేస్తుంది. ఎంత చక్కటి ఉపాయమో!

తారురోడ్డెక్కగానే లాక్ తీసేయాలి. మలుపులో బయటి చక్రం లోపలిదానికన్నా ఎక్కువ దూరం తిరగాలి; బిగించి ఉంచితే టైర్లు అరుగుతాయి, ఇరుసుమీద ఒత్తిడి పడుతుంది.