రెండంగుళాల మెలిక

1955లో అమెరికా వేటగాళ్ల ముందుకు ఒకే లావు గుండుతో రెండు కొత్త తూటాలు వచ్చాయి. వించెస్టర్ కంపెనీది .243, రెమింగ్టన్ కంపెనీది .244. పేర్లు వేరైనా రెండింటి గుండు అడ్డకొలతా 0.243 అంగుళమే. మందు పట్టే ఇత్తడి కేసు రెమింగ్టన్‌దే కాస్త పెద్దది, వేగమూ దానిదే ఒక పిసరు ఎక్కువ. అయినా ఓడింది అదే!

పొలాల్లో బొరియలు తవ్వే వుడ్‌చక్‌నూ, జింకనూ ఒకే రైఫిల్‌తో కొట్టాలన్నది అక్కడి వేటగాడి కోరిక. చిన్న జంతువుకు తేలికైన, పల్చటి రాగి తొడుగున్న గుండు కావాలి. అది తగలగానే చిట్లిపోతుంది. జింకకు బరువైనది, గట్టి తొడుగున్నది కావాలి. అది మెల్లగా విచ్చుకుంటూ లోతుకు దిగుతుంది. వించెస్టర్ 80, 100 గ్రెయిన్ల బరువున్న గుండ్లిచ్చింది. కొనేవాళ్లు ముఖ్యంగా చిన్న జంతువుల వేటగాళ్లేనని తలచిన రెమింగ్టన్ 75, 90 దగ్గర ఆగింది.

అసలు రహస్యం రైఫిల్ గొట్టం లోపల ఉంది.

లావు మారకుండా బరువు పెరగాలంటే గుండు పొడవు పెరగాలి. ఎదురుగాలి ఒత్తిడి గుండు గరిమనాభికి ముందు భాగాన పనిచేసి, ముక్కును పక్కకు తోసేయాలని చూస్తుంది. తిరుగుతున్న బొంగరంలాగే గుండును నిలబెట్టేది దాని భ్రమణమే. ఆ భ్రమణాన్నిచ్చేవి గొట్టం లోపలి మెలిక గాడులు. వించెస్టర్ గాడి 10 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. సెకనుకు 900 మీటర్ల వేగంతో బయటపడే గుండు ఆ లెక్కన సెకనుకు దాదాపు 3,500 చుట్లు తిరుగుతుంది! రెమింగ్టన్ గాడికి ఒక చుట్టుకు 12 అంగుళాలు పడుతుంది.

ఎంత మెలిక చాలు? ఇంగ్లండులోని వూలిచ్‌లో ఫిరంగిదళ అధికారులకు గణితం బోధించిన జార్జ్ గ్రీన్‌హిల్ 1879లోనే ముచ్చటైన సూత్రం చెప్పాడు. అడ్డకొలత వర్గాన్ని 150తో హెచ్చించి, గుండు పొడవుతో భాగిస్తే, ఒక చుట్టుకు పట్టాల్సిన అంగుళాలు వస్తాయి. ఇలాంటి వేగవంతమైన గుండ్లకు 150 బదులు 180 వాడతారు. మొన తేలిన 100 గ్రెయిన్ల గుండు పొడవు సుమారు ఒక అంగుళం. లెక్క కడితే పదిన్నర అంగుళాలు దాటి కొంచెం వస్తుంది. పది సరిపోతుంది, పన్నెండు చాలదు. పెన్సిలూ కాగితంతో తేలే లెక్క ఒక తూటా జాతకాన్ని రాసేసింది.

నిజానికి జింకకు 90 గ్రెయిన్లు చాలు. కానీ వేటగాళ్లు 100 అడిగారు. రెమింగ్టన్ గొట్టాలు దాన్ని నమ్మకంగా నిలబెట్టలేకపోయాయి.

ఆ తర్వాత రెమింగ్టన్ మెలికను 9 అంగుళాలకు బిగించింది; 1963లో 100 గ్రెయిన్ల గుండు పెట్టి, అదే తూటాకు 6 ఎం.ఎం. రెమింగ్టన్ అని పేరు మార్చింది. అప్పటికే .243 పాతుకుపోయింది. కొత్త పేరు తూటా పాత .244 రైఫిల్‌లోనూ చక్కగా ఇముడుతుంది. అందుకే పాత రైఫిల్ కొనేవాళ్లు గొట్టంలో మెలిక ఎన్ని అంగుళాలకో ముందు కొలిచి చూసుకుంటారు.