ఇరవై కిలోల గీత

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా పర్ణశాలకు గోదావరి పక్కగా సాగే దారి భక్తులది. అదే భద్రాచలం మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారిపై మరో సరుకు కూడా నడుస్తోంది. మల్కన్‌గిరి కొండల్లో, సీలేరు లోయలో పండిన గంజాయి చింతూరు మీదుగా వచ్చి, గోదావరి వంతెన దాటి, కొత్తగూడెం వైపు, అక్కడి నుంచి హైదరాబాద్‌కూ ఆపైకీ పోతుంది. అమ్మేవాళ్లు దానికి 'శీలావతి' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, నాలుగు రాష్ట్రాల హద్దులూ ఈ చుట్టుపక్కలే.

చెక్‌పోస్టు దగ్గర కారు పట్టుబడితే మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది: ఇన్ని కిలోలు, ఇన్ని లక్షల విలువ, ఇంతమంది అరెస్టు. మన కళ్లు లక్షల మీదికి పోతాయి. జైలు శిక్షను తేల్చేది మాత్రం కిలోలే.

మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అందరం ఎన్‌డీపీఎస్ అనేది, 1985లో వచ్చింది. మొదట్లో గంజాయికి కిలో అయినా క్వింటాలయినా గరిష్ఠ శిక్ష ఐదేళ్లే. 2001 సవరణ బరువును బట్టి మెట్లు కట్టింది. కిలో లోపు దొరికితే 'చిన్న పరిమాణం', ఇప్పుడు ఏడాది దాకా జైలు. ఆపైన ఇరవై కిలోల వరకు పదేళ్ల దాకా వేయవచ్చు, కనీసం ఇంత అనే నియమం లేదు. ఇరవై దాటితే 'వాణిజ్య పరిమాణం': పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా కఠిన కారాగారం, లక్షకు తగ్గని జరిమానా. ఇరవై కిలోల మీద మరో వంద గ్రాములు తూగితే, జడ్జికి ఎంత జాలి ఉన్నా పదేళ్లలో ఒక్క రోజు కూడా తగ్గించలేరు. బెయిలు కూడా అక్కడే బిగుసుకుంటుంది. గీత దాటిన కేసులో నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని కోర్టుకు అనిపిస్తేనే, 37వ సెక్షన్ ప్రకారం బెయిలు.

ఇంత బరువైన అంకె కాబట్టి, తూచేది ఏమిటన్నది ముఖ్యం. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క మొత్తం కాదు, పూత లేదా కాయ పట్టిన కొసలు. ఆ కొసలు లేకుండా ఆకులు, గింజలు మాత్రమే ఉంటే అవి గంజాయి కిందికి రావు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోని నిర్వచనమూ ఇదే. దీనికి వృక్షశాస్త్ర కారణం ఉంది. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఆడమొక్క పూగుత్తుల మీది సన్నటి జిగురు గ్రంథుల్లో ఎక్కువగా ఊరుతుంది. 1964లో ఇజ్రాయెల్‌లో గావొనీ, మెషూలాం దాన్ని విడదీసి నిర్మాణం తేల్చారు. కాండం, ముదురు ఆకు, గింజ అన్నీ కలిపి బస్తాతో తూచితే ఆ బరువు దేనిదన్న వాదన హైకోర్టుల్లో బెయిలు పిటిషన్లలో తరచూ వినిపిస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు తూచిన సరుకు ఎండాక తేలికవుతుందన్నదీ చిన్న సంగతేం కాదు. ఇరవై ఒకటిగా పట్టుబడ్డది పంతొమ్మిదికి దిగవచ్చు. అందుకే పట్టుకున్న చోట తూకం, పంచనామా, సీలు అంత కీలకం.

తర్వాత నమూనాలు. 2022 నిబంధనల ప్రకారం వాటిని మేజిస్ట్రేటు ఎదుటే తీయాలి. గంజాయికయితే ఒక్కో నమూనా 24 గ్రాములకు తగ్గకూడదు. ఒకేలా ఉన్న ప్యాకెట్లను నలభై చొప్పున ఒక లాటుగా కట్టవచ్చు. ల్యాబులో మొదట సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆకు పైభాగాన ఎలుగుబంటి గోళ్లలా వంగిన నూగు కనబడుతుంది. దాని మొదట్లో కాల్షియం కార్బొనేట్ ఉంటుంది కనుక ఆమ్లం చుక్క పడితే బుడగలొస్తాయి. తర్వాత వెనిలిన్ కలిపిన ద్రావణం, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే ఊదారంగు తేలుతుంది. క్లోరోఫాం పోసి కుదిపితే ఆ రంగు అడుగు పొరలోకి దిగుతుంది. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా, మేజిస్ట్రేటు ముందు నమూనాలు తీయకపోయినా, అసలు దోషి కూడా తప్పించుకోవచ్చు. 2023లో సుప్రీంకోర్టు ఈ లోపం మీదే కొన్ని శిక్షలు రద్దు చేసింది.

ఇంత జాగ్రత్తగా చేసినా త్రాసు ఒక్క విషయం చెప్పదు: కారులో ఉన్నవాడు ఎవడని. ట్రిప్పుకింత అని కూలికి డ్రైవింగ్ చేసే కుర్రాడూ, పెట్టుబడి పెట్టి పంట కొన్న యజమానీ ఒకే బస్తా దగ్గర దొరికితే చట్టం ముందు ఒకే మెట్టు మీద నిలబడతారు. నన్ను ఎక్కువ బాధించేది ఇదే. ఇంగ్లండ్ శిక్షల మార్గదర్శకాలు బరువుతో పాటు పాత్రనూ చూస్తాయి. నడిపించినవాడా, ముఖ్యుడా, చెప్పింది చేసినవాడా అని మూడు రకాలు. రెండు వందల కిలోల గంజాయిలో నడిపించినవాడికి ఎనిమిదేళ్ల దగ్గర లెక్క మొదలైతే, చెప్పింది చేసినవాడికి మూడేళ్ల దగ్గర. మన 32బి సెక్షన్‌లోని అంశాలు శిక్షను కనీసానికి మించి పెంచడానికే గానీ తగ్గించడానికి కావు. పేదవాడు జరిమానా కట్టలేకపోతే అదనపు జైలు. గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో 2012లో సుప్రీంకోర్టు అలాంటి అదనపు మూడేళ్లను ఆరు నెలలకు తగ్గించాల్సి వచ్చింది.

యజమానిని పట్టే సెక్షన్ లేకపోలేదు. ఈ వ్యాపారానికి డబ్బు పెట్టినవాడికి 27ఎ కింద పది నుంచి ఇరవై ఏళ్లు, అక్కడ బరువుతో పనే లేదు. (2014 సవరణలో జరిగిన పొరపాటు వల్ల ఈ సెక్షన్ ఏడేళ్ల పాటు వేరే క్లాజును చూపిస్తూ ఉండిపోయింది. 2021లో పార్లమెంటు సరిదిద్దింది.) అతన్ని చేరడమే కష్టం. విచారణ అధికారికి డ్రైవరు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు తేల్చింది. ఆ తీర్పు న్యాయమైనదే. ఇక మిగిలేది డబ్బు జాడ: ఫోన్‌పే చెల్లింపులు, బంధువుల ఖాతాలు, ఎవరి పేరునో కొన్న కారు.

ఈ జాడ పట్టడానికి 1989లోనే చట్టంలో 5ఎ అధ్యాయం చేర్చారు. నిందితుడి ఆస్తినే కాక, బంధువుల, సహచరుల పేర్ల మీద పెట్టినదాన్నీ అరెస్టుకు ముందు ఆరేళ్ల దాకా వెనక్కి వెళ్లి లెక్క అడగవచ్చు. అది న్యాయంగా సంపాదించిందేనని చూపాల్సిన భారం ఆస్తిదారుడిదే. నేరపు సొమ్మని తెలిసీ దాన్ని చేతులు మార్చినవాడికి 27బి కింద మూడు నుంచి పదేళ్ల జైలు. మనీలాండరింగ్ చట్టంలో మామూలుగా ఏడేళ్లున్న గరిష్ఠ శిక్ష, మాదకద్రవ్యాల సొమ్మయితే పదేళ్లవుతుంది.

పర్ణశాల చుట్టుపక్కల ఏజెన్సీలో ఈ సొమ్ము భూమిగా మారడం అంత తేలిక కాదు. గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. కనుక అది ఎవరో గిరిజనుడి పేరు చాటున దాగాలి, లేదా మైదానంలో ప్లాట్లుగా, బంగారంగా తేలాలి. రెంటికీ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో బ్యాంకులోనో కాగితం మిగులుతుంది. కేసు రాసే స్టేషన్‌లో ఆ కాగితం వెతకడానికి ఒక మనిషి, కాస్త లెక్కల అనుభవం కావాలి. గడువూ తక్కువే: ఆస్తిని స్తంభింపజేస్తూ అధికారి ఇచ్చే ఉత్తర్వు 48 గంటల్లో కాంపిటెంట్ అథారిటీకి చేరాలి, 30 రోజుల్లో ఆమోదం రాకపోతే చెల్లదు. ఇరవై కిలోల బస్తాను గోదాములో ఏళ్ల తరబడి కాపాడే శ్రద్ధలో కొంత ఈ 30 రోజుల మీద పెడితే, బోనులో నిలబడేవాళ్లలో డ్రైవరు పక్కన యజమాని కూడా ఉంటాడు.