ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

"చాలా ఆలస్యమవుతోంది!" ఈ మాట మనం రోజూ వింటూనే ఉంటాం. మరి "చాలా" అంటే ఎంత? రెండు నిమిషాలా, రెండు గంటలా? ఆ ఆలస్యం జరిగేది ఏ చోట? ఈ రెండింటికీ జవాబు లేని ఫిర్యాదు, జ్వరం ఎంతుందో చెప్పకుండా డాక్టరుతో "ఒంట్లో బాగా లేదు" అన్నట్టే ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ తరగతిలో చూపు లేని స్నేహితురాలు ఒకామె ఉందనుకోండి. కంప్యూటరులోని అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము సాయంతో ఆమె చదువుకుంటుంది. మీరు 240 పేజీల పుస్తకాన్ని స్కాను చేసి ఇచ్చారు. కాని ఆ ప్రోగ్రాము నోరు మెదపలేదు! ఎందుకని? స్కాను చేసిన పేజీ దానికి ఉత్త బొమ్మ. అందులో అక్షరాలున్నట్టే దానికి తెలియదు. బొమ్మను అక్షరాలుగా మార్చి ఇచ్చే సేవ ఒకదానికి మీరు డబ్బు కట్టారు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పని మాత్రం నత్తనడక నడుస్తోంది. ఏం చేయాలి?

ఫిర్యాదు చేయవలసిందే. అయితే ముందుగా అక్కడ జరిగే పనేమిటో చూద్దాం రండి.

బొమ్మ అక్షరమయ్యేదాకా

మీ ఫైలు మూడు మజిలీలు దాటాలి. మొదటిది ప్రయాణం, రెండవది నిరీక్షణ, మూడవది అసలు పని.

ప్రయాణం సంగతి చూడండి. ఎ4 సైజు కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాను చేస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు వస్తాయి. రెండింటినీ గుణించండి. దాదాపు 87 లక్షలు! రంగుల బొమ్మయితే ఒక్కో చుక్కకు మూడు బైట్ల చొప్పున, పేజీకి 2 కోట్ల 60 లక్షల బైట్లు దాటుతాయి. దీన్ని కుదించి పంపుతారు కాబట్టి సరిపోయింది. అంగుళానికి 300 బదులు 600 చుక్కలు పెడితే ఫైలు రెట్టింపవుతుందా? కాదు, నాలుగు రెట్లవుతుంది. పొడవూ వెడల్పూ రెండూ రెట్టింపయ్యాయి కదా!

ఇక అసలు పని. కంప్యూటరు ముందు వంకరగా ఉన్న పేజీని నిటారుగా చేస్తుంది. పంక్తులను విడదీస్తుంది. తరువాత, ఇదివరకు చూసి నేర్చుకున్న ఎన్నో నమూనాల ఆధారంగా అక్షరాలను గుర్తిస్తుంది. ఇంగ్లీషులో చిన్నవీ పెద్దవీ కలిపి అక్షరాలు 52. మన తెలుగులో హల్లులు 35 అనుకుని, గుణింతానికి 15 రూపాలు, కింద 35 ఒత్తులు వేసుకుంటే 35 × 35 × 15 = 18,375 రూపాలు లెక్కకు వస్తాయి! ఇవన్నీ మాటల్లో వాడం. అయినా పోలికలు ఎంత దగ్గరగా ఉంటాయో ఆలోచించండి. గుర్తించాక వాటిని సంకేతాలుగా రాసుకోవాలి. ప్రపంచ భాషలన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతి మొదటి రూపం 1991లో వచ్చింది. అందులో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. "లక్ష్మి" అన్న మాట కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు!

పిండిమర దగ్గర వరుస

ప్రయాణానికీ పనికీ మధ్య ఉన్న నిరీక్షణ చాలామందికి కనబడదు. పిండిమరకు ఎప్పుడైనా వెళ్లారా? మీ డబ్బాలోని బియ్యం ఆడటానికి అయిదు నిమిషాలు చాలు. కాని ముందు పది డబ్బాలుంటే గంట పడుతుంది. మర నెమ్మదిగా తిరుగుతోందా? లేదు. వరుస పొడవైంది, అంతే.

ఈ వరుసల లెక్కను మొదట కట్టినవారిలో ముఖ్యుడు ఎర్లాంగ్. ఆయన డెన్మార్కు దేశస్థుడు. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ, ఫోను పిలుపుల రద్దీ గురించి 1909లో తన మొదటి వ్యాసం ప్రచురించాడు. ఆయన వేసిన దారిలో పుట్టిన లెక్క ఒకటి చూడండి. ఒకే యంత్రం ఉంది. ఒక్కో పనికి సగటున ఒక నిమిషం పడుతుంది. పనులు రావడానికీ, వాటి నిడివికీ ఒక క్రమం లేదు. యంత్రం సగం సమయం పనిలో ఉంటే సగటు నిరీక్షణ ఒక నిమిషం. నూటికి 80 వంతుల సమయం పనిలో ఉంటే 4 నిమిషాలు. 90 వంతులయితే 9 నిమిషాలు! రద్దీ కొద్దిగా పెరిగినా వరుస ఒక్కసారిగా సాగిపోతుందన్నమాట.

గడియారం, గ్రాఫు కాగితం

మూడు మజిలీల్లో తప్పు దేనిదో తెలుసుకోవడం ఎలా? దీనికి సేవాసంస్థ లోపలికి వెళ్లనక్కరలేదు. గడియారమూ గ్రాఫు కాగితమూ చాలు.

ముందుగా ప్రయాణాన్ని వేరు చేయండి. ఫైలు పూర్తిగా అవతలికి చేరిందని తెర మీద కనబడ్డాక లెక్కపెట్టడం మొదలుపెట్టండి. చేరడానికే ఆలస్యమైతే లోపం మీ ఇంటర్నెట్టుదో, మరీ పెద్దగా చేసిన మీ స్కానుదో కావచ్చు.

తరువాత 1, 5, 10 పేజీల ఫైళ్లు పంపండి. పేజీలన్నీ ఒకే పుస్తకంలోవి, ఒకే రకంగా స్కాను చేసినవి అయి ఉండాలి. ఒక పరీక్షలో ఒక్క అంశాన్నే మార్చాలన్న నియమం ప్రయోగశాలలో నేర్చుకున్నదే కదా. ఉదయం పూట ఇలా వచ్చిందనుకుందాం: 1 పేజీకి 50 సెకన్లు, 5 పేజీలకు 130, 10 పేజీలకు 230.

పేజీలను అడ్డంగా, సెకన్లను నిలువుగా వేసి బిందువులను కలపండి. సరళరేఖ వస్తుంది. దాని వాలు 20. అంటే ఒక్కో పేజీకి 20 సెకన్లు. ఇది అసలు పని. గీత నిలువు అక్షాన్ని 30 దగ్గర ఖండిస్తుంది. అంటే ఎన్ని పేజీలు పంపినా తప్పని కాలం 30 సెకన్లు. నిరీక్షణ ఇందులోనే ఉంది.

సాయంత్రం అవే ఫైళ్లు మళ్లీ పంపితే 250, 330, 430 సెకన్లు వచ్చాయనుకోండి. ఇదీ సరళరేఖే, మొదటిదానికి సమాంతరంగా ఉంది. వాలు మారలేదు. అంతరఖండం మాత్రం 30 నుంచి 230కి పెరిగింది. చూశారా! యంత్రం ఏమాత్రం మందగించలేదు. సాయంత్రం పూట వరుస 200 సెకన్లు పెరిగింది.

ఒకవేళ వాలే పెరిగితే లోపం పనిలో ఉంది. గీత పైకి వంగిపోతూ ఉంటే పెద్ద ఫైళ్లను ప్రోగ్రాము మోయలేకపోతోందని అనుమానించాలి.

ఇక ఫిర్యాదు రాద్దాం

"20 పేజీలు 8 నిమిషాల్లో" అని సంస్థ మాట ఇచ్చిందనుకోండి. గీతలను పొడిగిస్తే 20 పేజీలకు ఉదయం 430 సెకన్లు, సాయంత్రం 630 సెకన్లు కనబడతాయి. నిజంగా 20 పేజీలు పంపి సరిచూసుకోండి. రెండు మూడు రోజులు ఇలాగే వస్తే అప్పుడు రాయండి:

"ఆర్యా, మేము మీ సేవకు రుసుము చెల్లించాము. 20 పేజీలు 8 నిమిషాల్లో ఇస్తామని తెలియజేశారు. మూడు రోజులు ఒకే ఫైలును ఉదయం 6 గంటలకు, సాయంత్రం 7 గంటలకు పంపాము. ఉదయం 7 నిమిషాల 10 సెకన్లు, సాయంత్రం 10 నిమిషాల 30 సెకన్లు పట్టింది. పేజీకి పట్టే కాలం రెండు పూటలా ఒకటే. కనుక సాయంత్రం వరుసలో జాప్యం జరుగుతోందని భావిస్తున్నాము. తేదీలు, కొలతలు, గ్రాఫు జతపరిచాము. దీన్ని సరిచేసి, ఎప్పటిలోగా చేస్తారో తెలుపగోరుతున్నాము."

ఇందులో "ఎప్పుడూ", "అస్సలు" వంటి మాటలు లేవు. దీన్ని అందుకున్న ఇంజనీరు ఎక్కడ చూడాలో వెంటనే గ్రహిస్తాడు. జతచేసే ఫైలులో ఎవరి ఆధార్ కార్డు, మార్కుల పత్రం వంటివి లేకుండా చూసుకోండి.

జవాబు రాకపోతే? మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020లో అమలులోకి వచ్చింది. డబ్బు తీసుకుని చేసే సేవలో లోపం ఉంటే ఈ చట్టం కింద అడగవచ్చు. ఉచిత సేవలకు ఇది వర్తించదు. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం దారి చూపుతుంది. అక్కడా మీ కొలతలే మీకు సాక్ష్యం.

మీరే లెక్కకట్టండి

ఈలోగా మీ స్నేహితురాలి పుస్తకం ఆగనక్కరలేదు. సాయంత్రం ఒక్కొక్క పేజీగా, ఒకటి వచ్చాక మరొకటి చొప్పున 240 పేజీలు పంపితే 240 × 250 = 60,000 సెకన్లు, అంటే 16 గంటల 40 నిమిషాలు! ప్రతి పేజీకీ మళ్లీ వరుసలో నిలబడాలి మరి. అదే 20 పేజీల కట్టలుగా ఉదయం పంపితే ఎంత పడుతుంది? గ్రాఫు మీ ముందే ఉంది. కట్టి చూడండి. గంటన్నర లోపే వస్తే మీ లెక్క సరైనదే.