పాలు పెరిగాయి, చూలు నిలవలేదు

మన పిల్లలకు పాలంటే ఫ్రిజ్‌లోని గాలన్ డబ్బా. కానీ ఆవు ఈనితేనే కదా పాలు! చూడి కట్టని ఆవు తాతగారి చావిడిలో ఉన్నా, విస్కాన్సిన్ డెయిరీలో ఉన్నా రైతుకు ఒకటే దిగులు.

ఆవు సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఒక ఎద తప్పితే మళ్ళీ అన్నాళ్ళు మేత ఖర్చు దండగ. పదే పదే తప్పితే ఆ ఆవును మందలోంచి తీసేయాల్సిందే. పోషణ లోపం, ఎండ వేడి, గర్భాశయ వ్యాధులు, ఎదను సరిగా గుర్తించకపోవడం... కారణాలు ఎన్నో. కొన్నిసార్లు కారణం వంశంలోనే దాగి ఉంటుంది.

1962లో పుట్టిన 'చీఫ్' అనే హోల్‌స్టీన్ ఆబోతు కథ వినండి. దాని సంతతి పాలు సమృద్ధిగా ఇచ్చేది. కృత్రిమ గర్భధారణ పుణ్యమా అని దానికి 16,000 మంది కూతుళ్ళు, 5 లక్షల మంది మనవరాళ్ళు! అయితే దాని ఒక జన్యువులో చిన్న లోపముంది. మేనరికాలు వద్దని డాక్టర్లు ఎందుకంటారో మనకు తెలుసు. ఇక్కడా అదే జరిగింది. తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ ఆ లోపమే వస్తే దూడ కడుపులోనే పోతుంది.

ఈ గుట్టు 2011లో మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధకుల లెక్కల్లో బయటపడింది. ప్రపంచమంతటా 5 లక్షలకు పైగా చూళ్ళు పోయాయనీ, నష్టం 42 కోట్ల డాలర్లనీ 2016లో అంచనా వేశారు. అదే చీఫ్ వల్ల పెరిగిన పాల విలువ 3,000 కోట్ల డాలర్లు! అందుకే వంశాన్ని వదులుకోలేదు, లోపాన్నే వెతికి పట్టుకున్నారు. ఇప్పుడు జన్యు పరీక్ష చేసి, ఆ లోపమున్న రెండింటినీ జత కలపకుండా చూస్తున్నారు.

దశాబ్దాల పాటు పాల దిగుబడి మీదే దృష్టి పెట్టడంతో హోల్‌స్టీన్ ఆవుల్లో చూడి కట్టే శక్తి తగ్గుతూ వచ్చింది. చివరికి 2003 నుంచి అమెరికా వ్యవసాయ శాఖ ఆబోతు విలువ కట్టేటప్పుడు, దాని కూతుళ్ళు ఎంత త్వరగా చూడి కడుతున్నాయో కూడా చూస్తోంది.

ఊళ్ళో తాతగారు ఆవును కొనేటప్పుడు పొదుగొక్కటే చూసేవారు కాదు. "ఎన్నో ఈత? ఏటేటా ఈనుతోందా?" అని కూడా అడిగేవారు. ఈసారి పాల గ్లాసు అందిస్తూ ఆ మాట మీ పిల్లలకు చెప్పండి.