పరాసు భాషలో భూతకాలము

మా పిఠాపురమునుండి కాకినాడమీదుగా యానాము పూటప్రయాణమైనను గాదు. 1954 వఱకు అచ్చట పరాసువారి, అనగా ఫ్రెంచివారి, దొరతనముండెను. ఆ నాటి జననమరణపత్రములు నేటికిని కొందఱి యిండ్ల పెట్టెలలో నున్నవి. జాతీయతలు, వారసత్వములు వానిమీద నాధారపడియుండును.

అట్టి యింటివారొకరు, తమ తాతగారి జననపత్రమని యొకటి దెచ్చి, దరఖాస్తుతో బంపుటకు ముందు నన్నొకమాఱు చూడుమనిరి. పేరున్న వరుసను చెదలు తినివేసినది. నాకు వచ్చిన పరాసు స్వల్పము. నిఘంటువు పెట్టుకొని కూర్చుంటిని.

జరిగిన పనిని జెప్పు క్రియలందు రెండు గలవు. తండ్రి "తెలిపెను" అనుచోట "ఆ దెక్లారే", శిశువు "పుట్టెను" అనుచోట "ఎ నే". మాటకు మాట చెప్పవలెనన్న మొదటిది "తెలుపబడినదానిని కలిగియున్నాడు", రెండవది "పుట్టినవాడై యున్నాడు". మనము తినియున్నాను, వెళ్లియున్నాను అని యన్నిటికిని "ఉండు" ధాతువునే చేర్తుము. వారికట్లు గాదు. పెక్కు క్రియలకు "అవ్వార్", అనగా కలిగియుండుట, సహాయము: "జే మాంజే", తింటిని. పోవుట, వచ్చుట, ఎక్కుట, పడుట, నిలిచియుండుట, పుట్టుట, చచ్చుట మొదలగు కొన్నిటికి మాత్రము "ఎత్ర్", అనగా అగుట: "జ్యు స్వి ఆలే", వెళ్లితిని. తన్ను తాను కడుగుకొనుటవంటి యాత్మార్థకములును ఈ జట్టులోనివే.

ఈ పట్టికను జూడగానే నాకు పాణిని స్ఫురించెను. క్తప్రత్యయము సకర్మకధాతువులకు సామాన్యముగా కర్మార్థమున వచ్చును: మయా భుక్తమ్. గమనార్థకములకు, అకర్మకములకు, స్థా, జన, రుహ మొదలగువానికి కర్త్రర్థమునను వచ్చునని మూడవ యధ్యాయమున విధించినాడు: గతోఽస్మి, జాతోఽస్మి. పోవుట, నిలుచుట, పుట్టుట, ఎక్కుట రెండుచోట్లను గలవు! అంతమాత్రమున పరాసు మన సంస్కృతమునుండి పుట్టెనని కొందఱు పండితులవలె నేననను. అది లాటినునకు బిడ్డ, లాటిను సంస్కృతమునకు దాయాది. భేదములును గలవు. సుప్తోఽస్మి యని మనమందుము. వారు నిద్రకు "కలిగియుండుట"నే వాడుదురు: "జే దోర్మి". గజమారూఢః అని మనమనవచ్చును. వారు ఎక్కు క్రియకు కర్మ చేరినంతనే "అవ్వార్" పట్టుదురు.

"ఎత్ర్" చేరినపుడు కృదంతము కర్తయొక్క లింగవచనముల ననుసరించును. గతః, గతా అనినట్లే. చచ్చినవాడు "మోర్", చచ్చినది "మోర్త్". కాని "నే" యనుమాటకు స్త్రీలింగమున కొసను చేరు నక్షరము పలుకబడదు. రేడియోయెదుట గూర్చున్న మీకు నేనెంత చక్కగ బలికినను ఆ భేదము వినిపింపదు, కాగితముమీదనే కనబడును.

భూతద్దముతో జూచితిని. ఆ యక్షరమున్నది. పుట్టినది ఆడపిల్ల. ఆ పత్రము తాతగారిది గాదు, వారి యప్పగారిది. తాతగారి పత్రమునకై వారు మరల పెట్టె వెదకబోయిరి.